భయానికి రాసిన పద్దు

మంగళవారం చెరెమె రాలేదు.

టెచిమాన్ ఊరి దుంపల సంతలో పొద్దున్న తొమ్మిదైందని తెలుసుకోవడానికి ఎవరూ గడియారం చూడరు. నల్ల గొడుగు చంకన పెట్టుకుని, తోలుసంచి భుజాన వేసుకుని, అరిగిపోయిన టైరు చెప్పులు ఈడ్చుకుంటూ చెరెమె వచ్చేవాడు. మొదటి కుప్ప దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్క ఆడమనిషి దగ్గరా ఆగేవాడు. ఎవరి అట్ట వారిది. అట్ట మీద ముప్పై ఒక్క గళ్ళు. ఆ రోజు డబ్బు ఇస్తే ఒక గడిలో గీత గీసి, పక్కన పొడి సంతకం పెట్టేవాడు. నెలకు ఒక రోజు డబ్బు ఆయన కూలి. మిగతాదంతా దాచి, అడిగిన రోజున చేతిలో పెట్టేవాడు. సుసు అంటే అంతే. ఇరవై రెండేళ్ళలో ఆయన దగ్గర ఎవరిదీ ఒక్క సీడీ, అంటే అక్కడి రూపాయి, తగ్గలేదు.

దుంపలమ్మే అచియా ఆ రోజు ఇరవై అయిదు సీడీలు మడిచి నడుం దగ్గర కొంగులో ముడేసుకుని మధ్యాహ్నం దాకా దారి చూసింది. వానాకాలం కదా, జ్వరం తగిలిందేమో అనుకుంది. బుధవారం తొమ్మిదైంది, పదైంది, పదకొండైంది. అప్పుడు ఆమె కుప్ప వదిలి సంత మలుపు దాకా వెళ్ళి చూసి వచ్చింది.

ఎందుకంటే గురువారం చెరెమె ఆమె డబ్బంతా తెచ్చి ఇవ్వాలి. శుక్రవారం మధ్యాహ్నం రెండింటికల్లా ఆమె బ్యాంకులో పన్నెండు వేల సీడీలు కట్టాలి. కట్టకపోతే పోలాండ్‌లో కూతురికిచ్చిన సీటు ఇంకొకరికి పోతుంది. ఉత్తరంలో అలాగే ఉంది. కూతురు డుఫి చదివి వినిపించినప్పుడు అచియా ఆ ఒక్క ముక్క మూడుసార్లు చదివించుకుంది.

డుఫి చదవబోయేది దుంపలు, పళ్ళు కుళ్ళిపోకుండా దాచే చదువు. లారీలో వచ్చిన దుంపల్లో పదికి మూడు కుళ్ళి, తల్లి వాటిని మేకలకు పారెయ్యడం చూస్తూ పెరిగిన పిల్ల. ఇక్కడ ఆ చదువులో సీటు రాలేదు. ఇంగ్లండ్ ఫీజు చూసి తల్లీకూతుళ్ళు నవ్వుకున్నారు, అంత పెద్ద అంకెను చూసి ఏడవడానికి కూడా బుద్ధి పుట్టలేదు. పోలాండ్ వాళ్ళు సగం ఫీజు మాఫీ చేస్తామన్నారు. అప్పట్నుంచి డుఫి ఒక నోటుబుక్కులో ఖర్చుల పట్టీ రాయడం మొదలుపెట్టింది. పదకొండు సార్లు రాసింది. రాసిన ప్రతిసారీ ఏదో ఒకటి తగ్గించింది.

గదిలో ఒక్కతే ఉండాలనుకున్నది ముగ్గురితో ఉండడమైంది. మొదటి మూడు నెలలకు వేయించిన కర్రపెండలం పిండి, ఎండుచేపల మిరప పచ్చడి ఇంటి నుంచే పెట్టెలో పోతాయి కాబట్టి కూరల వరసలో సున్నా పడింది. చలికోటు పాతబట్టల మూటల్లో నలభై సీడీలకు దొరికింది. ఆ దేశాల్లో ఎవరో తొడుక్కుని వదిలేసిన కోటు ఇక్కడి ఎండలోకి వచ్చి, మళ్ళీ అక్కడికే పోతోంది. అక్కడ జడలు అల్లించుకుంటే నెల తిండి ఖర్చవుతుందని ఎవరో చెప్పారు. మర్నాడే డుఫి జుట్టు మగపిల్లాడిలా కత్తిరించుకుని వచ్చి, ఆ వరస మీద అడ్డగీత కొట్టింది. విమానం టిక్కెట్టు మేనమామ పెట్టుకున్నాడు. వీసా ఖర్చు కుట్టుమిషను అమ్మితే వచ్చింది. మొదటి వాయిదా ఫీజు మాత్రం అచియా చేతి మీదే ఉంది.

పట్టీలో అన్నిటికన్నా కింద ఒక వరస ఉంది. అచియాకు అక్షరాలు రావు గానీ అంకెలు బాగా వచ్చు. పదిహేను వందలని ఉంది.

"ఇది దేనికే?"

"భయానికమ్మా."

"భయానికి కూడా డబ్బు పెడతారా?"

"ఏమొస్తుందో తెలీనిదానికి. జ్వరమొచ్చిందనుకో, పెట్టె పోయిందనుకో. రాకపోతే మిగిలే ఉంటది కదా."

అచియా ఆ వరస వంక చాలాసేపు చూసింది. తన బతుకంతా భయం ఊరికే వచ్చి పోయేదే తప్ప, దానికొక పద్దు ఉంటుందని ఆమెకు తట్టలేదు.

ఫోన్‌లో డబ్బు దాచుకోవచ్చు కదా అని డుఫి ఎన్నోసార్లు అంది. ఫోన్‌లో ఉన్న డబ్బుకు కాళ్ళుంటాయని అచియా నమ్మకం. తమ్ముడొచ్చి మోటారుసైకిలుకు అడుగుతాడు, చావొచ్చి చందా అడుగుతుంది, పండగొచ్చి గుడ్డలు అడుగుతుంది. అందుకే పంతొమ్మిది నెలల కిందట చెరెమె చేతిలో మొదటి ఇరవై అయిదు పెడుతూ ఒక మాట తీసుకుంది. పిల్ల ఫీజు కట్టే రోజు వచ్చేదాకా నేను ఏడ్చి అడిగినా ఇవ్వొద్దు అంది. ఆయన గొడుగు నేలకు ఆనించి సరేనన్నాడు. పోయినేడు దుంపల లారీ వాగులో పడి సరుకంతా పోయినప్పుడు ఆమె నిజంగానే ఏడ్చుకుంటూ ఆయనింటికి వెళ్ళింది. ఆయన వంద సీడీలు తన సొంతవి అప్పుగా ఇచ్చాడు తప్ప దాచిన దాంట్లోంచి ఒక్క కాగితం తియ్యలేదు. ఆమె తిట్టి పోసింది. ఆయన తలొంచుకుని తిట్లన్నీ విని, మర్నాడు మామూలుగా తొమ్మిదింటికి వచ్చి నిలబడ్డాడు.

అలాంటి మనిషి రెండు రోజులుగా రాలేదు.

బుధవారం మధ్యాహ్నానికి సంత ఉడికిపోయింది. ఒకరు ఆయన్ని లారీల స్టాండులో పెద్ద సంచితో చూశామన్నారు. ఇంకొకరు ఐవరీకోస్టు సరిహద్దులో ఆయనకు రెండో సంసారం ఉందన్నారు. నిన్నటిదాకా ఎవరికీ తెలియని రెండో సంసారానికి సాయంత్రమయ్యేసరికి ముగ్గురు పిల్లలు కూడా పుట్టారు. టమాటాలమ్మే మన్సా అచియా కుప్ప ముందుకొచ్చి నడుం మీద చేతులు పెట్టుకుంది. ఆమెది కూడా ఎనిమిది నెలల డబ్బు ఆయన దగ్గరే ఉంది. భయం ఆమెకు నోట్లోంచి వస్తుంది.

"ఏమమ్మా, నీ కూతురు మంచు దేశానికి పోద్ది అన్నావు. పిల్ల కంటే ముందు డబ్బే పోయినట్టుందిగా."

అచియా కుప్పలోంచి జారిన దుంప తీసి మళ్ళీ పైన పెట్టింది.

మూటలు మోసే కుర్రాళ్ళకూ ఆయన దగ్గర డబ్బుంది. రేపు పొద్దున్న ఆయనింటి తలుపు విరగ్గొట్టి, దొరికింది దొరికినట్టు పట్టుకుపోదామని వాళ్ళు బాహాటంగానే అనుకున్నారు. దుంపల సంతకు పెద్దదిక్కు పొమా పెద్దమ్మ. సంతలో తగవొస్తే ఆమె మాటే తీర్పు. ఆమె ఒక్కరోజు ఆగమంది. ఆగుతామని ఒక్కరూ అనలేదు.

తలుపు విరిగితే లోపల ఎవరి డబ్బు ఎవరిదో తేలదు. ముందు చెయ్యి పెట్టినవాడిదే అవుతుంది. అది తెలిసే అచియా ఆ సాయంత్రం కుప్ప డుఫికి అప్పగించి ఒక్కతే చెరెమె ఇంటికి వెళ్ళింది.

చెరెమె భార్య అబ్రఫి వాకిట్లో చిన్న పీట మీద కూర్చుని ఉంది. అచియా దణ్ణం పెట్టింది. అబ్రఫి తలూపింది, లేవలేదు. మంచినీళ్ళు ఇవ్వలేదు. ఏ పని మీద వచ్చావని అడగలేదు. పగవాడు వచ్చినా ముందు నీళ్ళిచ్చి, తాగాక పని అడిగే ఊరు అది.

ఆయన కుమాసి పట్నం వెళ్ళాడనీ, రెండు రోజుల్లో వస్తాడనీ అబ్రఫి నేల వంక చూస్తూ చెప్పింది. ఎవరో నేర్పిన పాఠం అప్పజెప్పినట్టుంది.

అచియా చుట్టూ చూసింది. మూడు రాళ్ళ పొయ్యిలో బూడిద చల్లారి, వానజల్లుకు గడ్డకట్టింది. రెండు రోజులుగా ఆ ఇంట్లో వంట లేదు. గోడ మేకుకు నల్ల గొడుగు వేలాడుతోంది. ఇంత వానలో గొడుగు లేకుండా కుమాసి వెళ్ళాడా అనుకుంది. తర్వాత గుమ్మం పక్కకు చూపు పోయింది. టైరు చెప్పులు అక్కడే ఉన్నాయి. చెరెమెకు అవి తప్ప వేరే చెప్పుల్లేవని సంతంతా వేళాకోళం చేసేది.

ఆయన పారిపోలేదు. ఆయన ఇక లేడు.

అబ్రఫి ఎందుకు చెప్పడం లేదో కూడా అచియాకు వెంటనే తెలిసింది. ఇంటి పెద్ద, అంటే చెరెమె తల్లి తరపు వంశానికి పెద్ద, నానా టాచి పల్లె నుంచి రావాలి. నానా అంటే పెద్దవాళ్ళను గౌరవంగా పిలిచే పిలుపు. ఆయన చెవిన పడి, ఆయన నోటితో బయటికి చెప్పేదాకా ఆ చావు చావు కాదు. పెళ్ళాం ఏడవకూడదు, పక్కింటివాళ్ళకు చెప్పకూడదు. అడిగినవాళ్ళకు ఊళ్ళో లేడని చెప్పాలి. వానలకు పల్లె దారి తెగింది. ఆయన రావడానికి ఇంకెంతసేపో.

అబ్రఫి తలెత్తింది. ఇద్దరి చూపులూ ఒక్క క్షణం కలిశాయి. అచియా చెప్పుల వంక చూసిందని అబ్రఫికి తెలిసిపోయింది. అచియా వెనక్కి తిరిగి వచ్చేసింది.

దారంతా ఆమె రెండు వైపులా లెక్క వేసుకుంది. నిజం సంతలో చెప్తే కుర్రాళ్ళు ఆగుతారు. కానీ ఇంటి పెద్ద చెప్పకముందే వాళ్ళ చావును తాను వీధిలో పెట్టినట్టవుతుంది. ఆ కోపంతో నానా టాచి డబ్బున్న గదికి తాళం వేసి, ఆరునెలలు తియ్యనంటే అడిగేవాడు లేడు. చెప్పకపోతే రేపు పొద్దున్నే తలుపు విరుగుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పైగా తన ఊహే తప్పైతే? ఆయన నిజంగానే ఎక్కడో బతికుంటే? బతికున్నవాణ్ణి చంపిన నోరు అవుతుంది తనది.

గురువారం తెల్లారేసరికి ఆమె పెట్టె అడుగు నుంచి నలుపు మీద ఎరుపు ముద్రల గుడ్డ తీసింది. మొగుడు పోయినప్పుడు కట్టిన గుడ్డ. పిల్ల గుమ్మంలో నిలబడి చూసింది.

"ఎవరు పోయారమ్మా?"

"ఎవరూ పోలేదు. నువ్వెళ్ళి కుప్ప దగ్గర కూర్చో."

"మరి ఆ గుడ్డ..."

"కూర్చోమన్నాను."

ఆమె గుడ్డ కట్టుకుని, తలకు నల్లగుడ్డ చుట్టుకుని, చెరెమె ఇంటికి వెళ్ళి మూసి ఉన్న తలుపు ముందు గడప కింద కూర్చుంది. బతికున్నవాడి గుమ్మంలో ఏడుపు గుడ్డతో కూర్చోవడం అంటే శాపం పెట్టడమే. ఊరు వెలేస్తుంది. ఆ సంగతి ఆమెకు తెలుసు. చెప్పులు ఆమె పక్కనే ఉన్నాయి. వాటిని ముట్టుకోలేదు.

కుర్రాళ్ళు గడ్డపార పట్టుకుని వచ్చారు. వెనక మన్సా, ఆమె వెనక సగం సంత. అరుపులు వీధి మలుపు నుంచే వినబడ్డాయి. ముందు నడుస్తున్నవాడు వాకిట్లోకి అడుగుపెట్టి అచియాను చూశాడు. ఆమె కట్టిన గుడ్డ చూశాడు. గడ్డపార భుజం మీద నుంచి మెల్లగా కిందికి దించాడు. వెనకవాళ్ళు ఇంకా అరుస్తూనే ఉన్నారు. ఒక్కో వరస లోపలికి వచ్చి, చూసి, నోరు మూసుకుంది. అచియా ఒక్క మాట అనలేదు. ఏమన్నా అంటే చావు సంగతి ఆమె చెప్పినట్టవుతుంది. ఆమె నేల వంక చూస్తూ కూర్చుంది.

మన్సా మాత్రం గొంతు తగ్గించి అడిగింది. "అచియా, నీకెవరు చెప్పారు?"

అచియా తల అడ్డంగా ఊపింది.

"ఎవరూ చెప్పకుండానే కట్టావా? నీకేమన్నా మతిపోయిందా?"

అప్పుడు పొమా పెద్దమ్మ జనాన్ని తప్పించుకుంటూ వచ్చింది. అచియాను చూసింది, గొడుగును చూసింది, చెప్పుల్ని చూసింది. తన పసుపుపచ్చ తలగుడ్డ నిదానంగా విప్పి, మడిచి చంకన పెట్టుకుంది. ఆ వయసులో కిందికి వంగడం కష్టమైనా వంగి, అచియా పక్కన నేల మీద కూర్చుంది. తలుపు వెనక అబ్రఫి గుడ్డ నోట్లో కుక్కుకున్న చప్పుడు అయ్యింది. ఆ చప్పుడు అందరూ విన్నారు. విననట్టే నిలబడ్డారు. కాసేపటికి మన్సా కూడా వచ్చి కూర్చుంది.

నానా టాచి మధ్యాహ్నం మూడింటికి వచ్చాడు, మోకాళ్ళ దాకా బురదతో. వాకిట్లో అంత మంది, గడప దగ్గర ఏడుపు గుడ్డ. చూసి ఆయన మొహం మాడిపోయింది. లోపలికి వెళ్ళి అబ్రఫితో మాట్లాడి వచ్చాడు. ఆయన తరపున మాట పలికే మనిషి బయటికొచ్చి, సోమవారం సాయంత్రం గుండెనొప్పి వచ్చిందనీ, మంగళవారం కోడి కూయకముందే ఆసుపత్రిలో పోయాడనీ అందరికీ చెప్పాడు. అప్పుడు ఆడవాళ్ళందరూ ఒక్కసారిగా ఏడ్చారు. అచియాకు ఏడుపు రాలేదు. ఇంకా ఆమె పని తీరలేదు.

నానా టాచి ఆమెను ముందుకు పిలిచాడు.

"మేము చెప్పకముందే నీకు చెప్పింది ఎవరు? మా కోడలా?"

"లేదు నానా. ఆవిడ కుమాసి వెళ్ళారనే చెప్పింది. నేను చెప్పులు చూశాను."

ఆయన గుమ్మం పక్కకు చూశాడు. ముసలాయన గొంతు కాస్త దిగింది.

"నువ్వు తలుపు కాచావు. అది మేలు. మేము నోరు తెరవకముందే ఏడుపు గుడ్డ కట్టావు. అది తప్పు. మేలుకు నేను నీకు దణ్ణం పెడతా. తప్పుకు నువ్వు ఒక గొర్రె, ఒక సారా సీసా పెట్టు."

అచియా ఒప్పుకుంది. తర్వాత డబ్బు సంగతి అడిగింది. ఆయన కర్రతో నేల మీద తట్టాడు. ఎనిమిదో రోజున చెరెమె మేనల్లుణ్ణి వారసుడిగా నిలబెట్టాకే గది తెరుస్తామనీ, వంశంలో ఎప్పుడూ అంతేననీ అన్నాడు. ఎనిమిదో రోజు అంటే వచ్చే వారం. అచియాకు గడువు మర్నాడు మధ్యాహ్నమే. పొమా పెద్దమ్మ ఆమె మోచెయ్యి పట్టుకుని, తాను ముందుకొచ్చింది.

"నానా, ఆ గదిలో రెండు రకాల సొమ్ముంది. ఆయనది మీది. మాది మాదే. వారసుణ్ణి నిలబెట్టిన రోజున ఈ సంతంతా వచ్చి బాకీ అడుగుద్ది, ఆ బరువంతా ఆ పిల్లాడి నెత్తిన పడుద్ది. అదే రేపు పొద్దున్న నలుగురి ముందు మా మూటలు మాకిచ్చేశారనుకో, వాడికి మిగిలేది మేనమామ మంచిపేరు ఒక్కటే. ఇంతమంది సొమ్ము మీద పడుకుని ఆయన మాత్రం ఎలా పోతాడు చెప్పు?"

ఆయన అవుననలేదు, కాదనలేదు. పొద్దున్న రమ్మన్నాడు.

మర్నాటి పొద్దుటిదాకా అచియా ఎలా గడిపిందో ఆమెకే గుర్తు లేదు. డబ్బు ఇంట్లో ఉందని తలుపు కాచింది గానీ, నిజంగా ఉందో లేదో ఎవరు చూశారు? ఇంత పెద్ద మొత్తం ఆయన బ్యాంకులో వేసి, తెచ్చే పని మంగళవారానికి పెట్టుకుని ఉంటే? ఈ ఆలోచన అప్పటిదాకా ఎందుకు రాలేదో తెలియదు. వచ్చాక మాత్రం పోలేదు.

శుక్రవారం తొమ్మిదింటికి గది తెరిచారు. తొమ్మిదింటికే. మంచం కింద చెక్కపెట్టె. దాంట్లో గుడ్డమూటలు, ఒక్కో మూటకు ఒక్కో అట్ట కట్టి ఉంది. నానా టాచి పేరు పిలవడం, మనిషి తన అట్ట చూపించడం, గీతలు సరిచూడడం, మూట ఇవ్వడం. మన్సా తన మూట తీసుకుని, చెప్పులకు దణ్ణం పెట్టుకుని పోయింది. పెట్టె తరిగిపోతోంది. అచియా పేరు రాలేదు. అడుగు కనిపించింది. ఆమె గోడ పట్టుకుంది.

ఆఖరి మూట ఆమెది. అందరి మూటలకూ ఒక్క ముడి ఉంది. దీనికి మూడు ముళ్ళు, ఒకదాని మీద ఒకటి, విప్పడానికి గోళ్ళు నొప్పి పుట్టేలా బిగించినవి. ఏడ్చి అడిగినా ఇవ్వొద్దన్న డబ్బు. వెంట వచ్చిన డుఫి పళ్ళతో విప్పింది. పంతొమ్మిది నెలలు, జ్వరంతో మానేసిన పద్నాలుగు రోజులు పోను, ఆయన కూలి పోను, పదమూడు వేల ఆరు వందల ఇరవై అయిదు. ఒక్కటి తగ్గలేదు. అప్పుడు ఏడ్చింది అచియా.

బ్యాంకులో వరస పెద్దగా ఉంది. ఒంటిగంటా నలభైకి కాగితం మీద ముద్ర పడింది. పై దేశానికి డబ్బు పంపే కూలి నూట ఇరవై అయిదు తీసుకున్నారు. చేతిలో పదిహేను వందలు మిగిలాయి, పట్టీలో చివరి వరసలో ఉన్నంతే. అటు నుంచి అటే తల్లీకూతుళ్ళు పశువుల సంతకు నడిచారు. గొర్రె పదమూడు వందల యాభై. సీసా నూట ఇరవై. గొర్రెను నానా టాచి ముందు కట్టేసి, సీసా పెట్టి, దణ్ణం పెట్టి వచ్చారు.

సాయంత్రం డుఫి నోటుబుక్కు తీసి పన్నెండోసారి పట్టీ రాసింది. గది, తిండి, కోటు, బీమా. చివరి వరస దగ్గర కలం ఆగింది. తర్వాత పాత అంకె కొట్టేసి ఏదో రాసింది.

"ఏం రాశావు?"

"గొర్రె ఒకటి."

"ఇంకా?"

"ముప్పై ఉన్నాయమ్మా."

ముప్పై సీడీలు కోటు జేబులో పెట్టుకుని ఈ పిల్ల అంత దూరం పోవాలి. జ్వరమొస్తే ముప్పై. పెట్టె పోతే ముప్పై.

శనివారం అచియా మామూలుగా కుప్ప దగ్గర కూర్చుంది. తొమ్మిదైంది. చెయ్యి దానంతటదే కొంగు ముడి విప్పి ఇరవై అయిదు సీడీలు తీసింది. తీశాక గుర్తొచ్చింది. వరస పొడుగునా ఆడవాళ్ళు కొందరు అలాగే డబ్బు చేత పట్టుకుని, ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. ఎవరో దుంప ఎంతని అడిగారు. రెండోసారి అడిగారు. అచియా ఆ కాగితాలు గుప్పిట్లో అలాగే బిగించి పట్టుకుని, చెప్పుల చప్పుడు ఎప్పుడూ వచ్చే వైపే చూస్తూ ఉండిపోయింది.